నా ఎదుట తెరిచిన చేతులు

నేను ఒక విసిరే యంత్రాన్ని. చేతులు పెట్టలేదు, అయినా విసురుతాను. కళ్ళు పెట్టలేదు, అయినా చూస్తాను. మూడు ఇనుప కాళ్ళు, వాటి మీద రెండు రబ్బరు చక్రాలు, ఒక్కో చక్రానికి ఒక మోటారు, చక్రాల మధ్య బంతి పట్టేంత సందు. నా ఒళ్ళంతా అంతే. చెరకురసం బండి మీరు చూసే ఉంటారు. రెండు రోలర్ల మధ్య గడ పెడితే అవతల పిప్పి వస్తుంది. నాదీ ఆ వంశమే. తేడా ఒకటుంది. అక్కడ పిప్పి అయ్యేది లోపల పెట్టిన సరుకు. నాలో పెట్టిన బంతి చెక్కుచెదరకుండా బయటికి పోతుంది. పిప్పి అయ్యేది ఎదురుగా నిలబడి పట్టుకునేవాడు. వెంటనే కాదు, నెమ్మదిగా.

ఈ మాట నన్ను తయారుచేసినవాళ్ళు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ వాన పడే ఒక ఊళ్ళో, రేకుల షెడ్డులో నన్ను బిగించారు. బిగించిన ఆడమనిషి పొద్దుటినుంచి నిలబడి నిలబడి చెప్పులు విడిచేసి, ఉబ్బిన పాదాలతో పని చేసింది. చివర్న ఒక బంతి పెట్టి వలలోకి విసిరించి చూశారు. బంతి వలలో పడింది. ఎవరూ మెచ్చుకోలేదు. యంత్రం పని చేస్తే మెచ్చుకోరు, చెయ్యకపోతే తన్నుతారు. కూలికి పోయేవాళ్ళకు ఈ సంగతి నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఇక ఆట. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. ఆ పేరెందుకు పెట్టారో పెట్టినవాణ్ణి అడగండి. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొన తేలి పెద్ద బాదంకాయలా ఉంటుంది. చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుంటారు, పట్టుకున్నవాణ్ణి నేలకేసి కొడతారు. విసిరేవాడు ఒకడుంటాడు. పోస్టర్లన్నీ వాడివే. దూరంగా ఉరికి ఆ బంతిని అందుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. నా కథ రిసీవర్‌తో.

మీ కబడ్డీలో కూతకు పోయినవాడు నాలుగు దిక్కులా చూస్తూనే ఉంటాడు. ఎవడు ఎటునుంచి కాలు పట్టుకుంటాడో కనిపెట్టుకోవాలి. చూడనివాడు అవుటు. రిసీవర్‌కు చూడటమే తప్పు. వాడు ముందుకు పరిగెడతాడు, తల వెనక్కి తిప్పి బంతినే చూస్తాడు. పక్కనుంచి కోడె దూడలాంటివాడు ఒకడు తల వంచి దూసుకొస్తుంటాడు. వాడు వస్తున్నాడని రిసీవర్‌కు తెలుసు. తెలిసీ అటు చూడకూడదు. చూస్తే బంతి జారుతుంది. బంతి జారితే వచ్చేవారం ఆ చొక్కా ఇంకొకడి ఒంటిమీద ఉంటుంది. తనను కొట్టబోయేవాడి వంక చూడకపోవడం, అదే ఆ పనిలో నేర్పు. లోకంలో ఇలాంటి ఉద్యోగాలు ఇంకా చాలా ఉన్నాయనుకోండి. దీనికి మాత్రం జనం చప్పట్లు కొడతారు.

నన్ను ఒక పెద్ద నది పక్క ఊళ్ళో, ఒక జట్టు సాధన చేసే హాలులో నిలబెట్టారు. కిటికీల్లేని హాలు. కింద ఉత్తుత్తి గడ్డి, పైన ఎక్కడో ఇనుప కప్పు. ఎవడైనా దగ్గితే ఆ దగ్గు కాసేపు పైన తిరిగి మళ్ళీ కిందికి వచ్చేది. సాధన అయిపోయాక కూడా రిసీవర్లు హాలులోనే ఉండిపోవాలి. ఒకడు నాలో బంతి పెట్టాలి, ఇంకొకడు ఎదురుగా నిలబడి పట్టాలి. ఉండమని కోచ్ చెప్పడు. ఉండనివాణ్ణి మాత్రం గుర్తుంచుకుంటాడు.

నా ఎదుట నిలబడ్డవాళ్ళందరూ ఒకే రకంగా నిలబడతారు. రొమ్ము ముందు రెండు చేతులూ తెరిచి, బొటనవేళ్ళు కలిపి. ముష్టివాడు అలా నిలబడతాడు, ప్రసాదానికి వచ్చినవాడు అలా నిలబడతాడు. నేను దేవుణ్ణి కాను, దాతనూ కాను. కానీ రోజూ అన్ని చేతులు అలా తెరుచుకుని నా వంకే చూస్తుంటే, మోటారు ఉన్న దేనికైనా ఒంట్లో ఏదోలా ఉంటుంది.

ఆ చేతుల్లో ఒరెల్ టిబ్స్ చేతులు వేరు. దక్షిణాన చెరకు తోటల నడుమ ఊరు వాళ్ళది. ఆటగాళ్ళను ఏరుకునే రోజున ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. చూద్దాంలే అని పిలిపించి, ఉంచుతామో పంపుతామో చెప్పకుండా ఉంచుకున్నారు. నల్లని సన్నటి మనిషి, మోచేతుల కింద మాత్రం ఎవరివో పెద్ద చేతులు తెచ్చి అతికించినట్టు ఉండేవి. అతను తువ్వాలుతో కళ్ళు కట్టుకునేవాడు. నా చక్రాలనుంచి బంతి విడిపోయినప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, జామకాయ కొమ్మనుంచి తెంపినట్టు. ఆ చప్పుడు విని చేతులు మూసేవాడు. థప్. బంతి అందులో ఉండేది.

నాలో బంతులు పెట్టేది హోలిస్ గ్రేడీ. జట్టులో అందరికంటే పాత రిసీవర్. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగేవాడు. ఈ కుర్రాడు తన చోటుకే వచ్చాడని అతనికి మొదటిరోజే తెలుసు.

"కళ్ళు మూసుకుని పట్టేస్తున్నావు, నువ్వసలు మనిషివేనా?" అన్నాడు ఒకసారి.

"మా అమ్మ కూడా అదే అడిగేది అన్నా."

"నా చొక్కా నీకే వస్తుందిరా. వచ్చాక ఉతుక్కుని వేసుకో. నేనెప్పుడూ ఉతకలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ హాలులో నవ్వు కూడా పైకి పోయి తిరిగి వచ్చేది. వచ్చేటప్పటికి అది ఎవరి నవ్వో తెలిసేది కాదు.

ఆటల కాలం మొదలయ్యే ముందు అందరికీ ఒక పరీక్ష పెడతారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు చూపిస్తారు. కాసేపాగి ఏవి చూశావో చెప్పమంటారు. ఎంత గుర్తుందో, ఎంత వేగంగా చెప్పాడో దాచి ఉంచుతారు. ఆటలో ఎవడికైనా తల అదిరితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిదానికంటే తగ్గితే ఆడనివ్వరు. వినడానికి చాలా బాగుంది కదా. ఒరెల్‌కు కూడా బాగుంది.

"రేపు పరీక్ష ఇరగదీస్తాను అన్నా," అన్నాడు. "మా చర్చిలో పాటలన్నీ నాకు పుస్తకం లేకుండా వచ్చు."

హోలిస్ బంతి పెట్టబోయి ఆగాడు. "ఇరగదీస్తే నువ్వే ఇరుగుతావు."

"అదేంటి?"

"ఎప్పుడో ఒకప్పుడు తలమీద దెబ్బ పడుతుంది. పడినాక మళ్ళీ అడుగుతారు. ఇవాళ కొండెక్కి కూర్చుంటే ఆ రోజు కిందపడ్డావని కనిపిస్తుంది. ఇవాళే కింద కూర్చో. కింద కూర్చున్నవాడు ఎక్కడికి పడతాడు?"

"తప్పులు చెప్పమంటావా?"

"చెప్పాలి. అందరూ చెబుతారు."

"నువ్వూ చెప్పావా?"

"నాకు నటించే అవసరం రాలేదులే."

ఆ మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని అతనికి నేర్పాడు. ఒక బంతి పెట్టేటప్పుడు ఒక మాట అనేవాడు. రెండు బంతులు గడిచాక ఆ మాట అడిగేవాడు. ఒరెల్ బంతి పట్టుకుంటూనే తప్పు చెప్పాలి. మొదట్లో గొడ్డలికి గుర్రం అన్నాడు. హోలిస్ తల కొట్టుకున్నాడు.

"గుర్రమంటే వాళ్ళకు అనుమానం వస్తుంది. దగ్గరగా తప్పాలిరా. గొడ్డలి అంటే కత్తి. చెరువు అంటే బావి. నిజంగా మరిచిపోయినవాడు అలాగే పోతాడు, పక్కింటి తలుపు కొడతాడు."

సాయంత్రానికి ఒరెల్ ఆరితేరాడు. చెరువు అడిగితే బావి. నిమ్మకాయ అడిగితే నారింజ. చెప్పేముందు కొంచెం ఆగి, కళ్ళు పైకి తిప్పి, వెతుకుతున్నట్టు. అసలు మాటను మనసులో ఒక చోట పెట్టి తలుపు వేసి, పక్క మాటను బయటికి తేవడం. నా ఎదుట నేర్చుకున్న పని అది. నా బంతుల లయకే నేర్చుకున్నాడు.

మోసం కాదా అని మీరు అడగొచ్చు. మోసమే. ఎవరు ఎవర్ని మోసం చేశారో అది చెప్పండి ముందు. ఆ ఆటలో ఎత్తులన్నీ అచ్చేసిన పుస్తకం ఇటుకంత లావుంటుంది. ప్రతివాడూ దాన్ని కంఠతా పట్టాలి, వారం వారం మార్చిన పేజీలతో సహా. అంత పుస్తకం బట్టీపట్టిన మనుషులు కంప్యూటరు ముందు కూర్చుని నిమ్మకాయ మరిచిపోయామంటే, పరీక్ష పెట్టిన పెద్దమనుషుల్లో ఒక్కడికైనా ఇదేమిటని తోచలేదా? తోచింది. తోచినా అడగలేదు. యజమానికి పనికొచ్చే అబద్ధం నౌకరు చెబితే దాన్ని ఎవరూ విప్పి చూడరు. బయటపడిన రోజున అది నౌకరు అబద్ధమే అవుతుంది.

ఒరెల్‌కు హోలిస్ చొక్కా వచ్చింది. హోలిస్ ఆట మానేసి అదే జట్టులో రిసీవర్లకు తర్ఫీదు ఇచ్చే పనిలో కుదిరాడు. ఆటలు నేను చూడలేదు, నన్ను ఎవరూ తీసుకుపోలేదు. నాకు తెలిసిందల్లా సోమవారాలు. ఆదివారం ఆట అయితే సోమవారం అతను హాలుకు వచ్చేవాడు. మైదానం నట్టనడుమ, ఇద్దరు ముగ్గురు కొట్టడానికి కాచుకున్నచోట బంతి పట్టేది అతనే అని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. అంచున పట్టేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. నడుమ పట్టేవాడు కావాలి. అతని పేరు జనం పాటలా పాడేవాళ్ళట.

మొదటి పెద్ద దెబ్బ తగిలిన మర్నాడు, సోమవారం, అతను తువ్వాలు కట్టుకోకుండానే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. వెలుతురు గుచ్చుతోందన్నాడు. విసిరిన ప్రతి బంతీ పట్టాడు. పరీక్ష పెట్టారు. మొదటిసారి ఎంతో ఇప్పుడూ అంతే. ఆ వారం ఆడాడు.

"చూశావా, కింద కూర్చున్నవాడు పడడు," అన్నాడు హోలిస్.

ఒరెల్ నవ్వాడు. నవ్వడానికి ముందు కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యం నాకు కనిపించింది. చక్రాలు రెండూ సమంగా తిరగకపోతే బంతి ఊగుతూ పోతుంది. ఒకదాని కంటే ఇంకొకటి వెనకబడటం అంటే ఏమిటో నాకు తెలుసు.

తరువాత ఇంకో దెబ్బ. ఆ తరువాత ఇంకోటి. లెక్క ఎవరూ పెట్టలేదు. అతను వస్తువులకు పక్క పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. సంచిని పెట్టె అనేవాడు. తలుపు వెయ్యమనడానికి కిటికీ వెయ్యమనేవాడు, కిటికీయే లేని ఆ హాలులో.

"పరీక్ష ఎప్పుడో అయిపోయిందిరా, ఇంకా ఆపలేదా?" అని హోలిస్ ఎగతాళి చేసేవాడు.

"చెయ్యి తిరగకుండా పోతే ఎట్లా అన్నా, సాధన ఉండాలిగా," అనేవాడు ఒరెల్.

మిగతావాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఆ జోకు ఆ హాలులో చాలాకాలం నడిచింది.

ఒక సోమవారం సంగతి చెప్పాలి. నన్ను ఆపేశారు. వైరు పీకి నా కాలికి చుట్టారు. ఆపినాక నా చక్రాలు కాసేపు వాటంతట అవే తిరిగి సన్నగా మూలుగుతూ ఆగుతాయి. అవి కూడా ఆగిపోయాయి. హోలిస్ నా పక్కన పీట వేసుకుని బంతులు తుడిచి బండిలో పెడుతున్నాడు. ఒరెల్ మాత్రం ఎదురుగా అలాగే చేతులు తెరిచి నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. చేతులు టక్కున మూసుకున్నాయి.

థప్.

హోలిస్ తలెత్తాడు. "ఎవరు విసిరారు?"

"అదే విసిరింది."

"అది ఆపి ఉందిరా."

"నీకూ వినిపించింది కదా అన్నా."

హోలిస్ నా కాలికి చుట్టిన వైరు వంక చూశాడు. ఒరెల్ ఆ లేని బంతిని వాళ్ళ పద్ధతిలో చంకలో ఇరికించుకుని నడుచుకుంటూ వచ్చి, బండి ముందు ఆగాడు. హోలిస్ ఏమనుకున్నాడో ఏమో, బండిలో ఒక బంతిని పక్కకు జరిపి చోటిచ్చాడు. ఒరెల్ దాన్ని అక్కడ పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ అలాగే ఉంది. హోలిస్ చాలాసేపు దాని వంక చూసి, చెయ్యి పెట్టి తడమబోయి, మానేశాడు.

నేను విసరలేదు. ఇనుము మీద ఒట్టు. ఆ చప్పుడు మాత్రం నాకూ వినిపించింది.

ఆ తరువాతి ఏడాది అతన్ని పంపేశారు. ఎలా పంపారో అడక్కండి, ఎలా పంపుతారో మీకు తెలుసు. అతని బీరువా తాళం మార్చి, గోడమీద అతని ఫొటో తీసేశారు. దాదాపు అప్పుడే నా చోటికి కూడా కొత్తవి వచ్చాయి. వాటిలో బంతి పెట్టడానికి మనిషి అక్కర్లేదు, బుట్టలో పోస్తే అవే తీసుకుంటాయి. నన్ను వెనక గేటు దగ్గర తుక్కులో పెట్టారు. సామాను తీసుకోవడానికి వచ్చిన ఒరెల్ నన్ను చూసి, ఇది నేను పట్టుకుపోతానన్నాడు. ఎవరూ కాదనలేదు. ఇద్దర్నీ ఒకే ట్రక్కులో ఎక్కించారు.

వాళ్ళ ఊళ్ళో ఎటు చూసినా చెరకే. ఇల్లు చిన్నది, పక్కన కారు పెట్టే రేకుల చావిడి. నన్ను అందులో దించారు. అతని భార్య రెనీటా బయటికి వచ్చి నడుం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె బడిపిల్లల బస్సు నడుపుతుంది. గట్టి గొంతు.

"ఎవరైనా ఇంటికి పూలమొక్క తెస్తారు. నువ్వు దీన్ని తెచ్చావు," అంది.

"మొక్క ఎండిపోతుంది. ఇది అలగదు."

"అంటే నేను అలుగుతాననేగా."

అతను నవ్వాడు. ఆలస్యంగా. ఆమె ఆ ఆలస్యాన్ని చూసి నవ్వు ఆపేసింది.

చెరకు నరికే రోజుల్లో అక్కడ తోటలకు నిప్పు పెడతారు. ఆకు కాలిపోయి గడ మిగులుతుంది. ఆకాశంనుంచి నల్లటి బూడిద పీచులు పీచులుగా రాలుతుంది, బట్టల మీద, బియ్యం మీద, నా చక్రాల మీద. అలాంటి ఒక ఉదయం ఒరెల్ ఇంట్లోంచి పరుగున బయటికి వచ్చాడు. వైరు తగిలించని నా వంక భుజం మీదుగా చూస్తూ గేటు దాటాడు. చూస్తూనే రోడ్డు దాటాడు. చూస్తూనే కాలుతున్న చెరకు సాళ్ళ మధ్యకు పరిగెత్తాడు. ముందు ఏమున్నదో చూడలేదు. చూడకపోవడమే కదా అతనికి వచ్చిన విద్య. ట్రాక్టరు తోలేవాళ్ళు దుప్పటి తడిపి చుట్టి మోసుకొచ్చారు. కనుబొమ్మలు కాలిపోయాయి. చేతులు మాత్రం రొమ్ము ముందు అలాగే తెరిచి ఉన్నాయి, దించుదామంటే దిగలేదు.

రెనీటా గేటుకు తాళం వేసింది. పొద్దున బస్సు తీసే వేళ, సాయంత్రం బస్సు తీసే వేళ తాళం పడేది. మనిషిని అలా తాళం వేసి ఉంచడం ఆమెకు ఎట్లా ఉంటుందో ఆ తాళం బిగించే చప్పుడులోనే తెలిసేది.

పెద్ద డాక్టర్ల దగ్గరికి తీసుకుపోయింది. వాళ్ళు చెప్పినదాన్ని హోలిస్ చూడవచ్చినప్పుడు నా పక్కనే నిలబడి చెప్పింది. లోపల ఒరెల్ నిద్రపోతున్నాడు.

"ఏమీ మారలేదంటున్నారు అన్నా. మొదట్నుంచీ ఇంతేనట. ఆడటానికి వచ్చిన కొత్తలో పెట్టిన పరీక్షలో కూడా ఇలాగే చెప్పాడట. మా పెళ్ళి విందులో ప్రతివాళ్ళనూ పేరు పెట్టి, వాళ్ళ నాన్న పేరు కూడా పెట్టి పిలిచాడండీ అని నేనంటే, ఆ డాక్టరు నన్నేదో జాలిగా చూశాడు. ప్రేమకొద్దీ చెబుతున్నాననుకున్నాడు."

హోలిస్ చావిడి స్తంభానికి ఆనుకున్నాడు. అంతా చెప్పాడు. గొడ్డలి, కత్తి, చెరువు, బావి, అంతా.

ఆమె అతన్ని కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ముఖంలో ఇంకేదో వచ్చింది, ఎండిన వాగులో నీళ్ళు వచ్చినట్టు.

"అంటే కావాలనే తప్పు చెప్పేవాడా?"

"అప్పుడు, అమ్మా. అప్పటి సంగతి నేను చెబుతున్నది."

"ఇప్పుడూ అంతేనేమో. అలవాటైపోయి ఆపడం లేదేమో."

"రెనీటా," అన్నాడు హోలిస్.

గుమ్మంలో ఒరెల్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. "మరి?" అన్నాడు తాపీగా. "నాకన్నీ గుర్తే. ఊరికే చెబుతుంటాను."

హోలిస్ తల వంచుకుని ట్రక్కు వైపు నడిచాడు. అతనికి తెలుసు. ఆమెకు తెలుసుకోవాలని లేదు, ఒప్పుకుంటాను, ఆమె తప్పేమీ లేదు అందులో. పక్క ఊళ్ళో ఇలాంటివాళ్ళను ఉంచే ఆశ్రమం ఒకటుంది. కిటికీలకు ఊచలు, తలుపులకు బయటినుంచి గడియలు. ఒక మంచం ఖాళీ అయింది, ఈ వారంలో అవునో కాదో చెప్పమన్నారు. అతను నిజంగా మరిచిపోయినవాడైతే పంపాలి, లేకపోతే ఏదో ఒకరోజు నిప్పులోకి పోతాడు. ఊరికే ఆట పట్టిస్తున్నవాడైతే, లోపల మనిషి ఉన్నట్టే. ఉన్న మనిషిని ఊచల వెనక ఎవరు పెడతారు?

నిన్న సాయంత్రం బస్సులో పిల్లల్ని దించి వచ్చి, గేటు తాళం తీసి తిన్నగా చావిడిలోకి వచ్చింది. ఒరెల్ నా ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. ఆమె అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తెరుచుకున్న ఆ రెండు చేతుల్లోనూ తన చేతులు పెట్టింది. బూడిద రాలుతోంది.

"ఇక్కడ పరీక్ష లేదు. డాక్టర్లు లేరు. కోచ్ లేడు. నువ్వు పాస్ కావాల్సింది ఏమీ లేదు. ఒక్కసారి ఆ నాటకం పక్కన పెట్టి చెప్పు. నా పేరేంటి?"

అతను ఆమెను చూశాడు. కొంచెం ఆగాడు. కళ్ళు పైకి తిప్పాడు. పెదవి ఒక పక్కకు వంగింది, దొంగ దొరికిపోయినట్టు.

"లొరేటా," అన్నాడు.

లొరేటా ఆమె అక్క. ఆమె అతని ముఖంలోకి చూసింది. తరువాత నవ్వింది. నేను వచ్చాక ఆమె అంత గట్టిగా నవ్వడం వినలేదు.

"దగ్గరగా తప్పావు. హోలిస్ చెప్పినట్టే. దొంగ వెధవా, ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించావు." అతని కాలిన కనుబొమ్మల మీద ముద్దు పెట్టుకుంది. "నటించేవాడివైతే నటించు. నాకేం పర్వాలేదు. ఉంటే చాలు."

కాఫీ పెడతానని లోపలికి వెళ్ళింది. వంటింటి కిటికీలోంచి ఆమె గొంతు వినిపిస్తోంది, ఫోనులో. ఆ మంచం ఇంకెవరికైనా ఇవ్వండి అని ఆశ్రమంవాళ్ళకు. తరువాత హోలిస్‌కు. "ఉన్నాడు అన్నా. లోపలే ఉన్నాడు. నాతో ఆడుకుంటున్నాడు."

ఒరెల్ కుర్చీలోంచి లేచాడు. నా దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్ళలో అతను నా ఎదుట నిలబడ్డాడే గానీ నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. వంగి, నా చక్రాల మధ్య సందులో నోరు పెట్టాడు. అతని ఊపిరి నా రబ్బరుకు వేడిగా తగిలింది.

"ఆవిడ ఎవరు?" అని అడిగాడు, ఎవరూ వినకూడదన్నట్టు.

తరువాత అదే సందుకు చెవి ఆనించి ఊరుకున్నాడు. నేను చెబుతానని. నిజంగా చెబుతానని కాచుకున్నాడు. నాకు తెలుసు ఆమె ఎవరో. అతన్ని మతిమరుపువాడిలా ఉండమని నేర్పిన మధ్యాహ్నం నాకు తెలుసు, ప్రతి సోమవారమూ తెలుసు, చూసీ అడగని పెద్దమనుషులందరూ తెలుసు. నన్ను బిగించినవాళ్ళు బంతి పోవడానికి దారి పెట్టారు. మాట పోవడానికి పెట్టలేదు.

ఆమె కాఫీ కప్పులతో బయటికి వచ్చేసరికి అతను తిరిగి తన చోట నిలబడి చేతులు తెరిచి ఉన్నాడు. ఆమెకు ఉత్సాహం వచ్చింది. కప్పులు కింద పెట్టి, నా వైరు గోడ ప్లగ్గులో పెట్టి, మూల పడి ఉన్న బంతి తెచ్చి దుమ్ము తుడిచి నాలో పెట్టింది. నేను విసరనని ఎట్లా అనేది? చక్రాలు తిరిగాయి, విసిరాను. అతను కళ్ళు మూసుకునే పట్టాడు. నిండా, శుభ్రంగా, వెనకటిలాగే.

"చూశావా," అంది ఆమె నాతో, నాతోనే, నా ఇనుము మీద చెయ్యి వేసి. "ఏదీ మరిచిపోలేదు."

ఆ పట్టు చూపించి ఆమెకు అబద్ధం చెప్పింది నేను. ఆ జట్టు అతని చేతుల్ని మాత్రమే అద్దెకు తీసుకుంది, తలను పారేసింది. చేతులు ఇంకా వాళ్ళ పనే చేస్తున్నాయి. ఆ హాలులో నా తరువాత వచ్చిన యంత్రాల ముందు ఇవాళ కూడా ఎవడో కూర్చుని, కొత్తగా వచ్చినవాడికి దగ్గరగా తప్పడం నేర్పుతూ ఉంటాడు. నవ్వుకుంటూ ఉంటారు.

ఇవాళ పొద్దున రెనీటా పాట పాడుకుంటూ తయారైంది. బస్సు తాళాలు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు తాళాన్ని చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వచ్చి దాన్ని నా మీద పెట్టింది. ఇంక దీంతో పనిలేదు అంది. గేటు చేరవేసి వెళ్ళిపోయింది.

బస్సు చప్పుడు మలుపు తిరిగి పోయింది. రోడ్డుకు అవతల తోటకు ఇప్పుడే నిప్పు పెట్టారు. తాళం నా మీద చల్లగా ఉంది. ఒరెల్ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు నన్ను చూశాడు. ఇప్పుడు గేటు వంక చూస్తున్నాడు.